ఊయల రాణి వేషం

నాటకంలో రాణి ఒక్కతే. కానీ మా వైపు ఆ వేషానికి ఇద్దరిని మాట్లాడతాం. తెల్లవార్లూ పద్యాలు పాడాలంటే ఒక్క గొంతు నిలబడదు.

మా దగ్గర ఎక్కువగా ఆడింది నాగావళి రాణి కథ. మొదటి సగం కోటలో నడుస్తుంది. రాణి ఊయల మీద కూర్చుని తోటను చూస్తూ పద్యం పాడుతుంది. రెండో సగంలో రాజ్యం పోతుంది. అదే రాణి నెత్తిన కట్టెల మోపుతో సంతకు వస్తే కన్నకొడుకే గుర్తుపట్టక మోపుకు బేరమాడతాడు. మొదటి సగం చేసే మనిషిని ఊయల రాణి అంటాం, రెండో సగం చేసే మనిషిని కట్టెల రాణి అంటాం. ఊయల రాణికి కిరీటం, పట్టుచీర, కరపత్రంలో పైన పేరు. కట్టెల రాణికి ముతక చీర, విరబోసిన జుట్టు, కింద పేరు. జనం వన్స్ మోర్ కొట్టేది మాత్రం ఎప్పుడూ కట్టెల రాణికే.

నేను నరసన్నపేటలో ముప్పై ఏళ్ళు నాటకాల కాంట్రాక్టు చేశాను. ఊరివాళ్ళు తేదీ చెబితే విజయనగరం నుంచి ఒకరిని, బొబ్బిలి నుంచి ఒకరిని, పలాస నుంచి ఇంకొకరిని పోగుచేసి ఆ రాత్రికి స్టేజీ ఎక్కించడం నా పని. ఒక రకంగా కూరగాయల వ్యాపారం లాంటిదే. సరుకు వేళకు చేరాలి, తెల్లారితే దానికి విలువ లేదు. ఏ మనిషిని ఎక్కడ పెడితే గిట్టుబాటవుతుందో చూడగానే చెప్పగలనని నాకు పేరు. ఇప్పుడు నాటకాలు ఏడాదికి రెండో మూడో. అందుకే టెంట్ హౌస్ పెట్టుకున్నాను. కిరీటాలు, గదలు, విగ్గులు ఉన్న పెట్టెలు వెనక గదిలో ఉన్నాయి. ఎవరైనా అడిగితే ఇప్పటికీ మనుషుల్ని మాట్లాడి పెడతాను.

మా పనిలో కాగితం, సంతకం ఉండవు. తమలపాకులు, వక్క, అరటిపండు చేతిలో పెట్టి ఊరు, తేదీ, వేషం చెబుతాం. పుచ్చుకున్న ఆర్టిస్టు జ్వరంతోనైనా వచ్చి తీరాలి. ఇచ్చిన కాంట్రాక్టరు వెనక్కి తీసుకోకూడదు. వేషం పేరు చెప్పకుండా తాంబూలం ఇస్తే, ఏ వేషం కావాలో ఎంచుకునే హక్కు పుచ్చుకున్నవాళ్ళది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ప్రతివాడికీ పెద్దలు మొదట నేర్పేది ఇదే: ముందు వేషం, తరవాత ఆకు. నేనూ చాలామందికి నేర్పాను. అరవై ఆరేళ్ళ వయసులో నేనే తప్పాను.

శ్రీకూర్మం అవతల ఒక ఊళ్ళో అమ్మవారి సంబరానికి నాటకం పెట్టాలని త్రినాథ్ వచ్చాడు. ఆ ఊరి కమిటీకి వాడే పెద్ద, ముప్పై అయిదేళ్ళవాడు, ట్రాక్టర్లు తిప్పుతాడు. ఊయల రాణిగా యమునే కావాలన్నాడు. యమునది విజయనగరం, చక్కటి మనిషి. పగలు బ్యూటీ పార్లరు నడుపుతుంది, పద్యం కూడా తప్పు లేకుండా పాడుతుంది. ఆమెకు అప్పుడే తాంబూలం ఇచ్చేశాను, వేషం చెప్పే ఇచ్చాను. కట్టెల రాణిని ఇంకా వెతకాలి. మళ్ళీ వచ్చినప్పుడు త్రినాథ్ వెళ్ళబోతూ ఇంకో మాట అన్నాడు.

"మావా, కళింగపట్నం లక్ష్మణమ్మ ఉన్నాదేటి ఇంకా? మా నానమ్మ రోజూ ఆవిడ మాటే. స్టేజీ మీద ఒక సాలువా కప్పేద్దుం."

లక్ష్మణమ్మ నలభై ఏళ్ళు కట్టెల రాణి. మా వైపు ఆ వేషం అంటే ఆమే. ఆమె మోపు దించి పద్యం ఎత్తుకుంటే పోలీసులు కూడా టోపీ తీసి కళ్ళు ఒత్తుకున్నారు. నాటకాలు తగ్గాక మళ్ళీ పుట్టింటి పనిలోకి, ఎండుచేపల్లోకి వెళ్ళిపోయింది. అరవై ఎనిమిది ఉంటాయి.

మర్నాడు నేను బయల్దేరుతుంటే మా ఆవిడ దేవి ఆపింది. "పెద్ద మనిషిని పిలవడానికి ఒట్టి చేతులతో వెళ్తారేటండి" అని ఒక సంచిలో నాలుగు ఆకులు, వక్క, రెండు అరటిపళ్ళు పెట్టింది. ఆ సంచి చూసి నాకు ఏ అనుమానమూ రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు.

లక్ష్మణమ్మ వల మీద ఆరబోసిన కవళ్ళ చేపలు తిప్పుతోంది. కొడుకు గోవింద్ పక్కన ఇంజను విప్పుకుంటున్నాడు. నన్ను చూసి ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. నేను సంచిలోంచి తీసి ఆకులు చేతిలో పెట్టాను.

"ఏ ఊరు?" అంది.

చెప్పాను.

"ఏ రోజు?"

అదీ చెప్పాను. ఆకులు కళ్ళకద్దుకుంది. తరవాత అంది, "ఊయల రాణి నాను ఏత్తాను."

నేను నవ్వాను.

"నవ్వుతావేటి సావుకారూ. ఏసం సెప్పినావా? సెప్పలేదు."

"లక్ష్మణమ్మా, నీకు సన్మానం. శాలువా కప్పుతారు. అందుకు పిలవడానికి వచ్చాను."

"సన్మానానికి కార్డిస్తారు. ఆకెవులిస్తారు?"

గోవింద్ ఇంజను దగ్గర్నుంచి తల ఎత్తాడు. "అమ్మ మాట అట్టుకోకండి బాబూ. అమ్మకి ఈ మజ్జిన మతిమరుపు. మొన్న పొయ్యి మీద కూర మరిసిపోయినాది, మాడిపోయినాది."

"కూర మరిసిపోతే పద్యం మరిసిపోతానేట్రా" అంది ఆమె, వాడివైపు చూడకుండా.

నేను ఆమె ముఖం చూశాను. నా జీవితమంతా ఎదుటి మనిషి ముఖం చూసి బేరం తేల్చుకున్నవాణ్ణి. ఈ ముఖం నాకు తేలలేదు. నిజంగానే పాత అలవాటులో నేను వేషానికి వచ్చాననుకుందా, లేక నా పొరపాటు చూసి పట్టేసుకుందా? మతిమరుపు మనిషి అయితే ఆకు చట్టం అంత బాగా ఎలా గుర్తుంది? తెలివిగా పట్టుకున్నదే అయితే కళ్ళలో ఆ తడి ఏమిటి?

వెనక్కి తీసుకోవచ్చు. కాగితం లేదు కదా. కానీ దారిలో లెక్క చూసుకుంటే ఆకు వెనక్కి తీసుకున్న కాంట్రాక్టరు మాట మీద రేపు ఏ ఆర్టిస్టూ బస్సెక్కదు. అదొక కారణం. రెండోది చెప్పడం కొంచెం కష్టం.

ముప్పై ఏళ్ళ కిందట బొబ్బిలిలో, నాటకం అయ్యాక, లక్ష్మణమ్మ నన్ను ఒక్కసారి అడిగింది, ఊయల రాణి ఎప్పుడిస్తావని. నేను ముఖానే చెప్పాను, "నీ రంగుకు ఆ పట్టుచీర నప్పదు లక్ష్మణమ్మా. నేనేమీ అనను, జనం ఒప్పుకోరు." ఆమె సరేనంది. మళ్ళీ అడగలేదు. నిజానికి నా లెక్క వేరు. ఆమె గొంతు ఏడిపించే గొంతు. అలాంటి మనిషిని ఊయల మీద కూర్చోబెట్టడం మేలురకం బెల్లాన్ని పశువుల దాణాలో కలపడం. ఆ సంగతి చెబితే నువ్వు అంత గొప్పదానివని ఒప్పుకున్నట్టవుతుంది, తరవాత బేరం పెరుగుతుంది. అందుకని రంగు అన్నాను. అలా అనుకునే ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను.

ముందు విజయనగరం వెళ్ళాను. యమున పార్లరులో ఒకామెకు కనుబొమలు సరిచేస్తోంది. నేను పక్కకు పిలిచి, ఆకు పొరపాటు అంతా చెప్పి, సగం పద్యాలు ఆమెకు, సగం నీకు అని పంపకం మొదలుపెట్టాను. ఆమె చేత్తో ఆపింది.

"ఊయల మొత్తం ఆవిడికే ఇచ్చేయండి మావయ్యా. నేను కట్టెల రాణి వేస్తాను."

"నీకు ఆ వేషం అలవాటు లేదు కదమ్మా."

"ఎవరూ ఇవ్వకపోతే ఎలా అలవాటవుతాది? ప్రతి ఊళ్ళోనూ నాకు ఫొటోలు తీస్తారు, తీసి చీర ఎక్కడ కొన్నావని అడుగుతారు. ఒక్కరు ఏడవలేదు ఇంతవరకూ." మళ్ళీ నవ్వింది. "మీరేమో నన్ను బతిమాలడానికి వచ్చారు. నేను మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఇద్దరం మునిగినట్టే."

అంత సులువుగా పని అయితే నాకు భయం. త్రినాథ్ దగ్గర మాత్రం సులువు కాలేదు.

"మావా, ఆవిడికి మా నానమ్మ వయసు. ఊయలెక్కినాక దించడానికి నలుగురు కావాల. కరపత్రం మీద యమున బొమ్మేసీసినాం."

"యమున కూడా ఉందిరా. రెండో సగంలో."

"రెండో సగానికి మా కుర్రోలు ఉంటారేటి? పడుకుంటారు."

"మీ నానమ్మ ఉంటాది కదా."

వాడు కాసేపు ఆలోచించి, "సరే, నీ ఇష్టం. పడిపోతే మాత్రం నీదే బాజ్జత" అన్నాడు.

సంబరం రోజున లక్ష్మణమ్మ మధ్యాహ్నానికే దిగింది, గోవింద్ బైకు మీద. గ్రీన్‌రూములో అద్దం ముందు కూర్చుని గంటసేపు పద్యం లోలోపల తిప్పుకుంది. కిరీటం నేనే కట్టాను. మామూలుగా ఆ పని మేకప్ మనిషిది. ఆమె తలకు నా పెట్టెలోని కిరీటం కట్టడం అదే మొదలు.

"బరువేటీ లేదు సావుకారూ" అంది అద్దంలో చూసుకుంటూ. "నాను సానా బరువుంటాదనుకున్నాను."

"అట్ట మీద రంగు కాగితమే కదా."

"అదే. తెలవలేదు."

హార్మోనియం దాలయ్యది. డెబ్బై దాటినవాడు, ఆమెతో ఎన్నో ఊళ్ళు తిరిగినవాడు. "సుతి దించమంటావేటి లక్ష్మణా" అని అడిగాడు. "నీ సేతి యేళ్ళు నొప్పెడితే దించుకో" అంది ఆమె. అక్కడున్న అందరం నవ్వాం. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పది గంటలకు తెర లేచింది. ముందు వరుసలో ముసలివాళ్ళు, వెనక కుర్చీల్లో కమిటీ వాళ్ళు, ఆ వెనక మోటారు సైకిళ్ళ మీద కుర్రవాళ్ళు. ఊయల మీద లక్ష్మణమ్మ కనబడగానే వెనకనుంచి ఎవడో ఈల వేశాడు, ఇంకెవడో "నానమ్మా" అని అరిచాడు. ఆమె పట్టించుకోలేదు. కాలితో నేలను తన్ని ఊయల కదిపి, నవ్వి, పద్యం ఎత్తుకుంది.

అది సంతోషం పద్యం. మామిడి పూసింది, చిలకలు దిగాయి, రాజు వేట నుంచి వస్తున్నాడు, అంతకు మించి అందులో ఏమీ లేదు. శ్రుతి ఎక్కడా జారలేదు, మాట ఎక్కడా తప్పలేదు, ముఖం మీద నవ్వు చెదరలేదు. కానీ మామిడి పూసిందని ఆమె అంటుంటే ఆ చెట్టును రేపు ఎవరో కొట్టేస్తారని తెలిసిపోయింది. చిలకలు దిగాయని అంటే అవి ఎగిరిపోయాక మిగిలిన తోట కనిపించింది. ముందు వరుసలో ఒక ముసలామె కొంగు కళ్ళకు పెట్టుకుంది. పక్కనామె ఆమెను చూసి తనూ పెట్టుకుంది. కుర్రవాళ్ళ గోల ఆగింది.

నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. త్రినాథ్ వంగుకుంటూ వచ్చాడు.

"మావా, ఇప్పుడే ఏడుస్తన్నారేటి? ఇంకా రాజ్యం పోలేదు కదా."

"పోతాదని వాళ్ళకి తెలుసు కదరా. ఎన్నిసార్లు చూశారు కథ."

"జనానికి తెలుసు. రాణికి తెలవకూడదు కదా."

ట్రాక్టర్లు తిప్పేవాడు ఆ మాట అన్నాడు.

పద్యం అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, వన్స్ మోర్ అనలేదు. అంతమంది జనంలో అంత నిశ్శబ్దం నేను నా వ్యాపారంలో ఎప్పుడూ చూడలేదు. అది మెచ్చుకోవడమా, ఇబ్బందా, నాకు తెలియలేదు. లక్ష్మణమ్మ ఒక్క క్షణం జనంవైపు ఎదురుచూసినట్టు చూసి తరవాతి మాటలోకి వెళ్ళిపోయింది. మొదటి సగం పొడుగునా అంతే. రాజు వేషం వేసిన బొబ్బిలి సోములు సరసమాడితే ఆమె చక్కగా సిగ్గుపడింది. ఆ సిగ్గుకు కూడా ముసలాళ్ళు ముక్కులు చీదారు. సోములు లోపలికి వచ్చి చెమట తుడుచుకుంటూ, "ఏటి బాబూ, నాను పెళ్ళాంతో మాటాడతన్నానా, సావింట్లో ఉన్నానా" అన్నాడు.

రెండో సగంలో యమున కట్టెల మోపుతో వచ్చింది. బాగానే పాడింది. నేర్చుకున్నదంతా పెట్టింది, నిజం కన్నీళ్ళు కూడా పెట్టింది. జనం కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఏడవాల్సినదంతా ముందే ఏడ్చేసినట్టు కూర్చున్నారు. కొడుకు మోపుకు బేరమాడే చోట, నలభై ఏళ్ళుగా ఆగని ఏడుపుల చోట, కొందరు లేచి చాపలు చుట్టుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. నా లెక్క ప్రకారం రెండో పంట కోతకు వచ్చేసరికి చేను ఎప్పుడో కోసేసి ఉంది.

తెల్లవారాక కమిటీ రెండుగా చీలింది. ఇలాంటి ఊయల రాణిని పుట్టాక చూడలేదని ఒక పెద్దాయన అన్నాడు. నాటకానికి తల కిందకీ కాళ్ళు పైకీ అయిపోయాయని ఇంకొకాయన అన్నాడు. త్రినాథ్ నానమ్మను అడిగితే, "బాగున్నాది, కానీ మరెప్పుడూ పెట్టకండి" అందట. మిగిలిన పదిమంది ముందు లక్ష్మణమ్మకు శాలువా కప్పారు. యమున కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ, "ఆవిడ నాకు ఏమీ మిగల్చలేదు మావయ్యా" అంది. కోపంగా అందో మెచ్చుకోలుగా అందో ఆ జిడ్డు ముఖంలో కనబడలేదు.

గోవింద్ మొదటి సగం అయ్యాకే చేపల వేటకని వెళ్ళిపోయాడు. అందుకని లక్ష్మణమ్మను మా వేన్‌లోనే కళింగపట్నం దింపడానికి బయల్దేరాను. వెనక షామియానా గుడ్డలు, కుర్చీలు. ముందు సీట్లో ఆమె, చెవుల దగ్గర రంగు ఇంకా పోలేదు. గోవింద్ మొదటి పద్యం సెల్‌లో తీసి ఆమె ఫోనుకు పంపినట్టున్నాడు, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది, తరవాత కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. మళ్ళీ మొదటికి తిప్పి చూసింది.

"సావుకారూ, నాటకం పాడైపోయినాది కదా."

"పాడవలేదు."

"నాను నవ్వుతన్నాననే అనుకున్నాను" అంది. "పద్యం ఆసాంతం నవ్వుతానే పాడినాననుకున్నాను. సూడు, ఇందులో ఉన్నాది కదా. నవ్వే. సెవితో ఇంటే మాత్రం ఏడుపు."

నేను రోడ్డు చూస్తున్నాను.

"ఇందుకేనేటి నువ్వు నాకు ఆ ఏసం ఇయ్యలేదు?"

"అందుకే లక్ష్మణమ్మా" అన్నాను. ఆ మాట రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, వచ్చాక తేలికగానే ఉంది. "నీ గొంతు అలాంటిది. నీకు చెప్పలేదు అంతే."

ఆమె తల ఊపింది. కొంతదూరం వెళ్ళాక మళ్ళీ అంది, "మరి బొబ్బిలిలో రంగన్నావు."

"ఏదో అన్నాను."

"ఏదో కాదు. రంగన్నావు. నాను ఇంటికెల్లి పసుపు రాసుకున్నాను, శనగపిండి రాసుకున్నాను. కొన్నేళ్ళు రాసుకున్నాను. గొంతని సెప్పుంటే ఊరుకుందును." ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "నిజం సెప్పు. గొంతా, రంగా? ఏది?"

గొంతే అని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ నేను ఊయల రాణి వేషం ఇచ్చిన ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే కళ్ళముందుకు వచ్చారు. పదకొండు మంది. అందులో ఇద్దరివి ఏడుపు గొంతులే. మంచిరోజు పద్యం పాడినా మైలపడ్డట్టుండేది. అయినా ఇచ్చాను. ఆ ఇద్దరూ తెల్లటివాళ్ళు. అయితే రంగేనేమో. కానీ టెక్కలి నుంచి వచ్చే తవిటమ్మది లక్ష్మణమ్మ కంటే నలుపు, ఆమెకూ రెండుసార్లు ఇచ్చాను. తవిటమ్మ వాళ్ళాయన నాకు బస్సులు మాట్లాడి పెట్టేవాడు, అందుకని ఇచ్చానా? లక్ష్మణమ్మ చేపల ఇంటి మనిషి అని ఎవరైనా కమిటీలో అన్నారా? అనే ఉంటారు. నేను విన్నానా? గొంతు సంగతి ముందు తట్టిందా, రంగు ముందు తట్టి గొంతు తరవాత దొరికిందా? ఒక పళ్ళెంలో ఏదైనా వేస్తే రెండోది కూడా అంతే దిగుతోంది. నా తక్కెడ ఇలా ఎప్పుడూ చేయలేదు.

వేన్ ఊళ్ళన్నీ దాటి సముద్రం గాలిలోకి వచ్చింది. ఎండుచేపల వాసన తగిలింది.

"తెలీదు లక్ష్మణమ్మా" అన్నాను.

ఆమె నావైపు తిరిగి చూసింది. బొబ్బిలిలో ఆ రాత్రి కూడా ఇలా చూడలేదు.

"తెలవకుండానే ముప్పై ఏళ్ళు ఏపారం సేసినావేటి?"

మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. కోపానికి ఎదురు ఏం ఇవ్వాలో నాకు తెలుసు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది, ఇంటి ముందు నేను వేన్ ఆపాక తలుపు తీసుకుని దిగింది. మోకాలు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడి, వలల వైపు నడిచింది. నిన్న తిప్పకుండా వదిలేసిన చేపలను చూసి అక్కడున్న కోడలితో ఏదో కసిరింది. నాకు వినబడలేదు. నేను ఇంజను ఆపకుండానే అక్కడ చాలాసేపు ఉన్నాను.